సిద్ శ్రీరామ్ పెరిగిన ఊళ్లో... మా మేనల్లుడి తెలుగు

శాన్‌ఫ్రాన్సిస్కోలో బార్ట్ రైలెక్కితే కాసేపటికి అది నీళ్ల అడుగున సొరంగంలోకి దిగుతుంది. చక్రాల రొద ఎంతలా ఉంటుందంటే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా పాట వినపడదు. అవతలి గట్టున తేలాక ఓక్లాండ్, యూనియన్ సిటీ... అలా సుమారు ముప్పావుగంటకి బోర్డు మీద ‘ఫ్రీమాంట్’ అన్న పేరు కనిపించింది. అప్పటికి నా ఫోన్లో ‘ఇంకేం ఇంకేం ఇంకేం కావాలే’ రెండోసారి మొదలైంది.

కావాలనే పెట్టుకున్నా. ఆ గొంతు పెరిగింది ఈ ఊళ్లోనే మరి.

ఆఫీసు పని మీద శాన్‌హోసేలో వారం, తర్వాత రెండు వారాల సెలవు. ఫ్రీమాంట్లో మా అక్క, బావ, వాళ్లబ్బాయి ఉంటారు. వాడికి పన్నెండేళ్లు. స్టేషన్‌కి అక్క ఒక్కతే వచ్చింది. “వాడేడీ?” అన్నాను. “హోమ్‌వర్కురా” అంది. నా కళ్లలోకి చూడకుండా అంది. ఎందుకో నాకు తెలుసు. ఆ సంగతి కాస్త ఆగి చెప్తాను. ముందు ఊరు చూద్దాం.

ఐదు ఊళ్లు కలిస్తే ఒక ఊరు

ఫ్రీమాంట్ అంటే ఆకాశాన్నంటే బిల్డింగులు ఊహించుకోకండి. మన తణుకులో మెయిన్ రోడ్డు మీద కనిపించేంత మంది జనం కూడా ఇక్కడి వీధుల్లో కనపడరు. ఒకే ఎత్తు ఇళ్లు, ముందు గడ్డి, గ్యారేజీ, రెండు కార్లు. 1956లో సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్‌హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు చిన్న ఊళ్లు కలిసి ఒక నగరమయ్యాయి. అందుకే దీనికి నడిబొడ్డు అంటూ ఒకటుండదు. 2020 లెక్కల ప్రకారం జనాభా 2 లక్షల 30 వేలు. అందులో మనవాళ్లు ఎంతమందో తెలియాలంటే లెక్కలక్కర్లేదు. శనివారం సాయంత్రం ఇండియన్ కిరాణా కొట్టుకెళ్లి గోంగూర కట్టల దగ్గర నిలబడితే చాలు. తెలుగు, తమిళం, పంజాబీ, గుజరాతీ... ఒకదాని మీదొకటి వినిపిస్తాయి. సెంటర్‌విల్ వైపు వెళ్తే అఫ్గాన్ల రొట్టెల దుకాణాలు. ఆ ప్రాంతానికి ‘లిటిల్ కాబూల్’ అనే పేరు కూడా ఉంది.

బావ మొదట నన్ను నైల్స్ తీసుకెళ్లాడు. ఒక్క వీధి ఊరు. రైలు పట్టాలు, వెనక కొండలు, పాత చెక్క దుకాణాలు. హాలీవుడ్ ఇంకా హాలీవుడ్ కాకముందు, 1910ల్లో ఎస్సనే అనే కంపెనీ ఇక్కడ స్టూడియో పెట్టింది. 1915లో చార్లీ చాప్లిన్ ఇక్కడికొచ్చి ఐదు సినిమాలు తీశాడు. ‘ది ట్రాంప్’ వాటిలోదే. టోపీ, కర్ర, వెనక్కి తిరిగి ఒంటరిగా నడిచిపోయే ఆ మనిషి ఈ దారుల్లోనే నడిచాడు. ఇప్పుడక్కడ మూకీ సినిమాల మ్యూజియం ఉంది.

మాటల్లేని సినిమాలు తీసిన ఊరు. వందేళ్ల తర్వాత ఇదే ఊరు నుంచి మన సినిమాలకి ఒక గొంతు వచ్చింది. బావతో ఆ మాటంటే నవ్వి, “నీకు ఆర్టికల్ దొరికిందిలే” అన్నాడు.

సిద్ధార్థ్ అనే పిల్లాడు

సిద్ శ్రీరామ్ పుట్టింది 1990లో, చెన్నైలో. తమిళ కుటుంబం. ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడే ఇంట్లోవాళ్లు కాలిఫోర్నియా వచ్చేశారు. వాళ్లమ్మ లతా శ్రీరామ్ కర్ణాటక సంగీతం నేర్పుతారు. మూడేళ్ల వయసు నుంచి అమ్మే గురువు. అక్క పల్లవి భరతనాట్యం. ఇంట్లో శ్రుతిపెట్టె, బయట బడిలో ఆర్ అండ్ బీ, సోల్. పొద్దున వరుసలు, సాయంత్రం హెడ్‌ఫోన్స్. మిషన్ పీక్ కొండ కిందున్న మిషన్ శాన్‌హోసే హైస్కూల్లో చదివి, అక్కణ్నుంచి బోస్టన్లో బర్‌క్లీ సంగీత కళాశాలకి వెళ్లాడు. అక్కడ నేర్చుకున్నది పాటని రికార్డు చేసి మలిచే పని.

ఈ వివరాలన్నీ మీకు గూగుల్ చెప్తుంది. ఊళ్లో తిరుగుతున్నప్పుడు నాకు అర్థమైంది వేరే. ఇక్కడ పెరిగే పిల్లాడికి రెండు ప్రపంచాల మధ్య దూరం సముద్రమంత కాదు, ఒక గడపంత. గడప లోపల తంబూర, బయట బాస్కెట్‌బాల్. రోజుకి పదిసార్లు ఆ గడప దాటాలి. దాటిన ప్రతిసారీ నాలుక మార్చుకోవాలి. చాలామంది పిల్లలు ఏదో ఒక వైపు ఉండిపోతారు. సిద్ మాత్రం గడప మీదే కూర్చుని పాడాడు.

2013లో మణిరత్నం ‘కడల్’ వచ్చింది. రెహమాన్ సంగీతం. అందులో ‘అడియే’ పాట విన్న తమిళవాళ్లు ఎవరీ కుర్రాడని వెతుక్కున్నారు. చేపలు పట్టే ఊరి కథకి, అమెరికాలో నల్లజాతి వాళ్ల చర్చిల్లో వినిపించే పాట లాంటి బాణీ. అది ఆ గొంతుకి పరాయి బట్టలా లేదు, సొంత చొక్కాలా ఉంది. 2015లో విడుదలైన ‘ఐ’ సినిమా పాటకి దక్షిణాది ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. ఆ తర్వాత ‘తళ్లి పోగాదే’, ‘మరువార్తై’, అజిత్ ‘విశ్వాసం’లో ‘కణ్ణాన కణ్ణే’. ప్రేమ పాటలకే పనికొస్తాడనుకున్నవాళ్లు, కూతురి కోసం తండ్రి పాడే ఆ పాట విన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

మనకి 2016లో ‘సాహసం శ్వాసగా సాగిపో’తో వచ్చాడు. 2017లో ‘నిన్ను కోరి’. 2018లో ‘గీత గోవిందం’తో ఇక చెప్పేదేముంది! ఆటోల్లో అదే, పెళ్లి వీడియోల్లో అదే, హాస్టల్ బాత్రూముల్లో అదే. తర్వాత ‘సామజవరగమన’, ‘మగువా మగువా’, ‘శ్రీవల్లి’, ‘కళావతి’. సినిమా ప్రకటించగానే ‘సిద్ పాట ఉందా?’ అని అడిగే రోజులొచ్చాయి.

ఇంకోవైపు తన సొంత పాటలు. 2019లో ‘ఎంట్రపీ’ అనే ఇంగ్లిష్ ఆల్బమ్. 2020లో ‘వానం కొట్టట్టుమ్’కి సంగీత దర్శకుడయ్యాడు. చెన్నై మార్గళి సీజన్లో పంచె కట్టుకుని కచేరీలు. 2023లో డెఫ్ జామ్ సంస్థ నుంచి రెండో ఆల్బమ్. దాని పేరేంటో తెలుసా? ‘సిద్ధార్థ్’. అందరూ ‘సిద్’ అని కుదించి పిలిచే పేరుని పూర్తిగా రాసి కవరు మీద పెట్టుకున్నాడు. 2024 ఏప్రిల్లో కోచెల్లా వేదిక మీద పాడాడు. అమెరికా పాప్ ప్రపంచమంతా చూసే పండగ అది. జరిగేది కాలిఫోర్నియాలోనే. తను పెరిగిన రాష్ట్రంలో ఆ వేదిక ఎక్కడానికి చెన్నై, హైదరాబాద్ మీదుగా చుట్టు తిరిగి రావాల్సి వచ్చింది.

నేనూ నవ్వినవాణ్నే

ఇప్పుడు అసలు సంగతి.

సిద్ పాటలంటే నాకు పిచ్చి. అయినా అతని తెలుగు గురించి వెక్కిరించినవాళ్లలో నేను ముందుంటాను. ‘పదాలు నమిలేస్తాడు’, ‘ఒత్తులు మింగేస్తాడు’, ‘మనకి గాయకులే లేరా?’ - ఇవన్నీ ఫ్రెండ్స్ దగ్గర నేనన్న మాటలే. ఒకసారి అతని పలుకుని అనుకరిస్తూ ఆఫీసు పార్టీలో పాడి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

అదే అలవాటు ఇంట్లోకీ వచ్చింది. కిందటి సంక్రాంతికి నేను తణుకులో ఉన్నాను. అమ్మకి అప్పుడే శుక్లాల ఆపరేషన్ అయింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుంది. ఫ్రీమాంట్ నుంచి వీడియో కాల్. మేనల్లుడు ముందే సాధన చేసుకుని వచ్చినట్టున్నాడు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడిగాడు:

“అమ్మమ్మా, నీ కల్లు ఎలా ఉంది?”

గోదావరి జిల్లా ఇల్లు. సంక్రాంతి. కల్లు ఎలా ఉందని మనవడు అడిగాడు! పిన్నులు, బాబాయిలు, పక్కింటివాళ్లు అందరూ విరగబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. “తాటికల్లు బాగానే ఉందిరా, పార్సిల్ పంపమంటావా?” అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ముక్క రికార్డు చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. నవ్వుల ఎమోజీలు వరదలా వచ్చాయి. ఆ గ్రూపు అక్క ఫోన్లో కూడా ఉంటుందని, ఆ ఫోన్ వాడూ చూస్తాడని నాకు తట్టలేదు.

అంతే. ఆ రోజు నుంచి వాడు తెలుగు మాట్లాడలేదు. అమ్మమ్మ ఫోన్ చేస్తే ‘హాయ్’, ‘గుడ్’, ‘బై’. మూడు మాటలు. అమ్మకి ఇంగ్లిష్ రాదు. “పిల్లాడు పెద్దాడైపోతున్నాడు, సిగ్గు” అని తనే సర్ది చెప్పుకునేది. ఫోన్ పెట్టేశాక మాత్రం కాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకునేది.

గ్యారేజీలో త్యాగయ్య

శనివారం పొద్దున వాణ్ని సంగీతం క్లాసుకి దింపే పని నాకు పడింది. దారంతా వాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఒక మామూలు ఇల్లు. గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంది. బయట చిన్న చిన్న చెప్పులు, క్రాక్స్, షూస్ ఓ పాతిక. లోపల చాప మీద పిల్లలు. టీచరు తమిళావిడ. నేను బయట మెట్టు మీద కూర్చున్నాను.

కాసేపటికి ఒక్కొక్కరి చేతా పాడించడం మొదలైంది. నాలుగో గొంతు వినగానే తల తిప్పాను. మావాడు. హంసనాదం రాగం. ‘బంటురీతి కొలువు’.

తెలుగు. మా వాడి నోట పూర్తి తెలుగు! మూడు నెలలుగా ఒక్క మాట మాట్లాడనివాడు త్యాగరాజు కీర్తన పాడుతున్నాడు. ఒకచోట పలుకు తేడా వచ్చింది. టీచరు ఆపింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ నవ్వలేదు. ఏమీ అనలేదు. ఆ ముక్కని నెమ్మదిగా తను పాడింది. వాడు పాడాడు. మళ్లీ తేడా. ఆవిడ మళ్లీ పాడింది. ఐదోసారికి కుదిరింది. “దట్స్ ఇట్, కన్నా” అని ముందుకెళ్లిపోయింది.

నేను ఆ మెట్టు మీద కూర్చుని చాలా ఆలోచించాను.

త్యాగరాజు తెలుగువాడు. కానీ పుట్టి పెరిగింది, 1847లో కన్నుమూసింది తమిళనేల మీదే. తిరువారూరు, తిరువయ్యారు. చుట్టూ తమిళం, ఇంట్లో తెలుగు. అంటే మన భాషలో అంత గొప్పగా పాటలు కట్టినవాడు కూడా, ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, సొంతూరికి దూరంగా పెరిగినవాడే! ఆ పాటల్ని శిష్యుడి నుంచి శిష్యుడికి ఇన్ని తరాలు మోసినవాళ్లలో తమిళవాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటం రాదు. అయినా నేర్చుకుని పాడారు. 1978 నుంచి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఏటా త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. ఫ్రీమాంట్లో ఓ గ్యారేజీలో తమిళ టీచరు, తెలుగు పిల్లాడికి తెలుగు పలకడం నేర్పుతోంది.

కర్ణాటక సంగీతం నేర్చుకునే ప్రతి తమిళ పిల్లాడూ మన మాటల్ని ఇలాగే నోట పట్టుకుంటాడు. సినిమా మైకు ముందుకు రాకముందే సిద్ శ్రీరామ్‌కి తెలుగు అందింది ఈ దారిలోనే. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. మనకి సహజంగా వచ్చే ఒత్తు అక్కడి నాలుకకి పని పెడుతుంది. ఇది తెలిశాక నా వెక్కిరింత నాకే చిన్నగా అనిపించింది.

అలాగని తప్పు పలికినా ఫర్వాలేదు అనడం లేదు. పాట రాసినవాళ్లు ఒక్కో మాట కోసం రాత్రిళ్లు కూర్చుంటారు. ‘సామజవరగమన’ రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి. ఆయన మాటకి మర్యాద దక్కాలి. అడగాల్సిందే, దిద్దాల్సిందే. మన బాలుగారి సంగతే చూడండి. మొదట్లో తమిళ ఉచ్చారణ బాగుచేసుకుని రమ్మని ఎం.ఎస్. విశ్వనాథన్ పంపించేశారని ఆయనే చెప్పుకునేవారు. వెళ్లి నేర్చుకుని వచ్చారు. 1969లో ‘అడిమైప్పెణ్’ పాటతో తమిళనాడు ఆయన్ని సొంతం చేసుకుంది. అక్కడ ఎవరూ తలుపు వేయలేదు. దిద్దుకుని రా, ఇక్కడే ఉంటాం అన్నారు.

దిద్దడం వేరు, నవ్వడం వేరు. ఆ తేడా నాకు ఈ వయసులో, ఓ గ్యారేజీ బయట తెలిసింది.

క్లాసయ్యాక కార్లో వాడి ముందే ఆ వీడియో గ్రూపులోంచి తీసేశాను. “సారీరా. అది నేను చేయకూడని పని” అన్నాను. వాడు “ఇట్స్ ఫైన్” అన్నాడు. ఫైన్ కాదని గొంతులో తెలుస్తోంది. ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

కొండెక్కుతూ

నా తిరుగు ప్రయాణానికి ముందు ఆదివారం మిషన్ పీక్ ఎక్కాం. ఎత్తు 2,500 అడుగులు దాటుతుంది. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి పైకి మూడు మైళ్ల నడక. ఏప్రిల్ కదా, కొండంతా పచ్చగడ్డి. ఎండాకాలానికి ఇదంతా బంగారు రంగుకి తిరుగుతుందట. దారిలో ఆవులు అడ్డంగా నిలబడి మనల్ని పట్టించుకోకుండా మేస్తుంటాయి. చెట్టు నీడ దాదాపు ఉండదు. వెళ్తే నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి, తెల్లవారగానే మొదలుపెట్టండి.

సగం దారిలో నాకు ఆయాసం. వాడు మేకపిల్లలా ముందుకెళ్లి ఆగుతున్నాడు. చిన్న స్పీకర్లో పాటలు పెట్టాడు. ‘సామజవరగమన’ వచ్చింది.

“హి ఈజ్ ఫ్రమ్ హియర్, యు నో” అన్నాడు గర్వంగా. కింద హైస్కూలు వైపు చెయ్యి చూపించి.

“తెలుసు.”

కొంచెం దూరం నడిచాక అడిగాడు. “మావయ్యా, ఆ వర్డ్ మీనింగ్ ఏంటి?”

నేను ఠక్కున ఆగాను. ఆయాసం వల్ల కాదు. ‘ఏంటి’ అన్నాడు! ఏమీ పట్టనట్టు ముఖం పెట్టి చెప్పాను: “సామజం అంటే ఏనుగు. వర అంటే మంచి. గమనం అంటే నడక. ఏనుగులా ఠీవిగా నడిచేవాళ్లు అని.”

వాడు కాసేపు ఆలోచించి, నా నడక చూసి, “యు ఆర్ ఆల్సో సామజవరగమన” అన్నాడు. ఈసారి నవ్వింది వాడు. నవ్వించుకున్నది నేను. లెక్క సరిపోలేదు గానీ, మొదలైంది.

పైన ఒక స్తంభం ఉంటుంది. అందరూ దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. అక్కణ్నుంచి ఒక పక్క అఖాతం నీళ్లు, ఉప్పు మడులు, ఇంకో పక్క టెస్లా ఫ్యాక్టరీ తెల్లగా పొడుగ్గా. కాళ్ల దగ్గర ఊరు. ఆ ఇళ్లన్నిటి గ్యారేజీల్లో ఇంకెన్ని శ్రుతిపెట్టెలు మోగుతున్నాయో అనిపించింది. వాళ్లందరూ సిద్ శ్రీరామ్‌లు కానక్కర్లేదు. వాళ్ల అమ్మమ్మలతో నాలుగు మాటలు మాట్లాడగలిగితే చాలు.

టైమ్ ఎనిమిది. తణుకులో రాత్రి ఎనిమిదిన్నర. వాడు నా వైపు చెయ్యి చాపాడు. “ఫోన్.”

ఇచ్చాను. కాల్ కలిసింది. తెర మీద అమ్మ. కళ్లద్దాలు లేవిప్పుడు. వాడు పెదాలు తడుపుకున్నాడు. గ్యారేజీలో టీచరు ముందు కూర్చున్నప్పటి ముఖం.

“అమ్మమ్మా... నీ క... నీ కల్లు ఎలా ఉన్నాయి?”

‘ళ’ రాలేదు. కానీ ‘ఉంది’ కాస్తా ‘ఉన్నాయి’ అయింది. ఎప్పుడు దిద్దుకున్నాడో, ఎంతసేపు సాధన చేశాడో. నేను గాలి కూడా పీల్చలేదు.

అవతల అమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆవిడకి ‘ళ’ పలకడం రాదనుకుంటున్నారా?

“నా కల్లుకేం బంగారం” అంది అమ్మ. “బాగున్నాయి. నువ్వు బాగా కనిపిస్తున్నావు.”